ఒకే పాఠం అందరికీ చెబితే అది న్యాయమేనా?

అస్ర్ నమాజు ముగిశాక కామారెడ్డిలో గానీ, ఎల్లారెడ్డిలో గానీ మక్తబ్ నడిచే ఒక మస్జిదు వరండాలో కాసేపు నిలబడి చూడండి. పాతికమంది పిల్లలు చాపల మీద కూర్చుని పెద్దగా చదువుతుంటారు. ఒకడు నూరానీ ఖాయిదాలో అక్షరాల దగ్గరే ఉంటాడు. వాడి పక్కన కూర్చున్న అదే వయసు పిల్లవాడు మూడో పారా చదువుతుంటాడు. ఇంకొక అమ్మాయి చిన్న సూరాలు కంఠస్థం చేస్తుంటుంది. హాఫిజ్ సాబ్ ఒక్కొక్కరినీ దగ్గరకు పిలిచి నిన్నటి సబఖ్ వింటారు. సరిగ్గా అప్పజెప్పినవారికి కొత్త సబఖ్ ఇస్తారు. తడబడినవారిని “రేపు ఇదే మళ్ళీ వినిపించు” అని పంపేస్తారు. పక్కవాడికి ముందు పుట ఇచ్చి నాకు వెనక పుట ఇచ్చారేమిటని ఏ బిడ్డా అలగడు. ఏ తండ్రీ వచ్చి నిలదీయడు.

ఈ పిల్లలే మరునాడు ఉదయం బడికి వెళతారు. అక్కడ ఆరో తరగతిలో భిన్నాల పాఠం నడుస్తుంటుంది. ఉపాధ్యాయుడు ఒకరే, పుస్తకం ఒకటే, పుట కూడా ఒకటే. ఒక బిడ్డకు ఆ లెక్క ముందే తెలుసు కాబట్టి విసుగు పుడుతుంది. మరో బిడ్డకు భాగహారమే రాదు కాబట్టి నల్లబల్ల మీద రాసినదంతా గీతల్లా కనిపిస్తుంది. గంట మోగుతుంది, పాఠం ముగుస్తుంది. ఆ ఇద్దరూ ఏమీ నేర్చుకోకుండానే ఇంటికి వెళతారు. అయినా దీన్ని మనం సమానత్వం అనుకుంటాం.

నేడు విద్యారంగంలో ఒక కొత్త మాట బాగా వినిపిస్తోంది. ప్రతి విద్యార్థికీ వాడి స్థాయిని బట్టి, వాడి వేగాన్ని బట్టి పాఠం అందించాలనీ, ఇందుకు కంప్యూటర్లను, ట్యాబ్‌లను, కృత్రిమ మేధను తోడు తీసుకోవాలనీ అంటున్నారు. ఈ పద్ధతి వల్ల మార్కులు ఎన్ని పెరుగుతాయన్నది నిపుణులు తేల్చే విషయం. మనం ఆలోచించవలసిన ప్రశ్న వేరే ఉంది. ఒక్కో బిడ్డకు ఒక్కో పాఠం ఇవ్వడం న్యాయమా, పక్షపాతమా? ఆ పని యంత్రానికి అప్పగిస్తే రేపు అల్లాహ్ సన్నిధిలో జవాబు చెప్పవలసింది ఎవరు?

కానుక వేరు, అవసరం వేరు

ఈ ప్రశ్న ఎదురైనప్పుడు మనకు ముందుగా గుర్తుకు వచ్చేది హజ్రత్ నుమాన్ బిన్ బషీర్ (రజి) గారి ఉదంతం. ఆయన తండ్రి ఆయనకు ఒక కానుక ఇచ్చి, దానికి సాక్షిగా ఉండమని దైవప్రవక్త (స) వారిని కోరారు. నీ పిల్లలందరికీ ఇలాగే ఇచ్చావా అని ప్రవక్త (స) అడిగారు. లేదని తెలియగానే సాక్షిగా ఉండటానికి నిరాకరించి, పిల్లల మధ్య న్యాయం పాటించమని ఆదేశించారు. మరి సంతానం మధ్య తేడా చూపడం ఇంత పెద్ద తప్పయితే, ఒక బిడ్డకు ఒక పాఠం, మరో బిడ్డకు ఇంకో పాఠం ఎలా సబబవుతుంది?

ధర్మపండితులు ఇక్కడ ఒక ముఖ్యమైన తేడా చూపించారు. కానుక వేరు, అవసరానికి చేసే ఖర్చు వేరు. కానుకలో సమానత్వం ఉండాలి. అవసరాల విషయంలో మాత్రం ఎవరికి ఎంత కావాలో అంత ఇవ్వడమే న్యాయం. జ్వరం వచ్చిన కూతురికి మందు కొన్న తండ్రి, ఆరోగ్యంగా ఉన్న కొడుక్కి కూడా అదే మందు కొనడు. పాలు తాగే పసికందుకూ, పొలం పనికి వెళ్ళే పెద్దకొడుక్కూ ఒకే కొలతతో అన్నం వడ్డించడు. పాఠం కూడా ఇటువంటిదే. అది పంచిపెట్టే మిఠాయి కాదు, ఆకలికి పెట్టే అన్నం. భాగహారం రాని బిడ్డకు భాగహారం నేర్పకుండా భిన్నాలు చెబుతూ పోవడమంటే, జ్వరం వచ్చినవాడికీ రానివాడికీ ఒకే సీసాలోంచి మందు పోయడమే అవుతుంది.

మన ముందుతరాలు చూపిన దారి

దైవప్రవక్త (స) వారి బోధనా విధానాన్ని పరిశీలిస్తే ఈ విషయం మరింత స్పష్టమవుతుంది. తనకేదైనా ఉపదేశం ఇవ్వమని ఒక వ్యక్తి మళ్ళీ మళ్ళీ అడిగితే, ప్రతిసారీ కోపం తెచ్చుకోవద్దనే చెప్పారు. ఏ ఆచరణ శ్రేష్ఠమైనదని వేర్వేరు వ్యక్తులు అడిగినప్పుడు వేర్వేరు సమాధానాలు ఇచ్చారు. అడిగేవాని స్థితిని బట్టి ఆ జవాబులు మారాయని పండితులు వివరించారు. దివ్య ఖుర్‌ఆన్ కూడా ఒక్క రోజులో అవతరించలేదు. దాదాపు 23 సంవత్సరాల కాలంలో, మనుషులు మోయగలిగే మేరకు కొంచెం కొంచెంగా అవతరించింది.

అందరూ ఒకే వరుసలో నిలబడవలసిన చోట ఏం చేయాలో కూడా ఆయన (స) నేర్పారు. హజ్రత్ ముఆజ్ (రజి) నమాజులో సుదీర్ఘంగా పారాయణం చేస్తున్నారని ఫిర్యాదు వచ్చినప్పుడు, ఆ పద్ధతిని గట్టిగా వారించారు. వెనక నిలబడిన వారిలో బలహీనులు, వృద్ధులు, పనిమీద వెళ్ళవలసినవారు ఉంటారన్న సంగతి మరువవద్దన్నారు. మరి మన తరగతి గదుల్లో పాఠం వేగం ఎవరిని చూసి నిర్ణయమవుతోంది? ముందు బెంచీలో కూర్చుని టకటకా జవాబు చెప్పే నలుగురిని చూసి కాదా?

అంధుడైన అబ్దుల్లాహ్ బిన్ ఉమ్మె మక్తూమ్ (రజి) సంఘటన మనందరికీ తెలిసిందే. ఖురైషు నాయకులతో సంభాషణ నడుస్తుండగా ఆయన నేర్చుకోవాలన్న తపనతో వచ్చారు. ఆ క్షణంలో ఆయన వైపు శ్రద్ధ చూపనందుకు ‘అబస’ సూరాలో అల్లాహ్ హెచ్చరిక అవతరించింది. ప్రముఖులను చూస్తూ, తపనతో వచ్చిన ఒక బలహీనుణ్ణి పక్కన పెట్టరాదని ఆ సంఘటన ప్రళయం వరకూ వచ్చే ఉపాధ్యాయులందరికీ బోధిస్తోంది.

తర్వాతి కాలపు పండితులు దీన్ని విద్యాసూత్రంగా మలిచారు. ఇమామ్ గజాలీ (రహ్మ) తమ ‘ఇహ్యా’ గ్రంథంలో గురువు బాధ్యతలను వివరిస్తూ, శిష్యుని అవగాహన ఎంతవరకు అందుకోగలదో అంతవరకే బోధించాలన్నారు. వాడి తప్పును పదిమందిలో ఎత్తిచూపకుండా సున్నితంగా సరిదిద్దాలని కూడా చెప్పారు. చదువు మెట్టుమెట్టుగా సాగాలనీ, కాఠిన్యం పసిమనసులను చెడగొడుతుందనీ ఇబ్నె ఖల్దూన్ (రహ్మ) ‘ముఖద్దిమా’లో హెచ్చరించారు. కాబట్టి బిడ్డను బట్టి పాఠం అన్నది నిన్న మొన్న పుట్టిన ఆలోచన కాదు. మన మక్తబ్‌లు ఏ యంత్రమూ లేకుండానే ఆ పని చేస్తూ వచ్చాయి.

వెనకబడిన మెట్టు

ఈ విషయం నేడు ఇంత అత్యవసరం కావడానికి ఒక కారణం ఉంది. కరోనా వల్ల 2020 మార్చిలో మూతపడిన ప్రాథమిక తరగతుల తలుపులు మన రాష్ట్రంలో మళ్ళీ తెరుచుకున్నది 2021 సెప్టెంబరులోనే. మధ్యలో 2020 సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీశాట్ చానళ్ళ ద్వారా 3 నుంచి 10వ తరగతి వరకు పాఠాలు ప్రసారం చేశారు. ఆ పాఠాలు చెప్పినవారు శ్రమించారు, సందేహం లేదు. కాని టీవీలో ఉపాధ్యాయునికి తన ముందున్న బిడ్డ ముఖం కనిపించదు. అర్థమైందా అని అడిగితే జవాబు వినిపించదు.

లింగంపేట, నాగిరెడ్డిపేట మండలాల్లోని ఏదో ఒక పల్లె బిడ్డను ఊహించుకుందాం. అక్షరాలు దిద్దవలసిన ఏడాదిన్నర కాలం ఇంట్లోనే గడిచింది. బడి తెరిచేసరికి రెండో తరగతిలో ఉన్నాడు. అక్షరాలు రాకుండానే మూడుకు, నాలుగుకు వెళ్ళాడు. ప్రతి తరగతిలోనూ కింది తరగతి చదువు వచ్చిందనే అనుకుని పాఠం చెప్పారు. నేడు వాడు ఉన్నత పాఠశాలలో వెనక బెంచీలో మౌనంగా కూర్చుంటున్నాడు. వాడిని మనం మొద్దు అంటున్నాం. నిజానికి వాడికి ఒక మెట్టు దొరకలేదు, అంతే. 2022లో ప్రభుత్వం ప్రాథమిక తరగతుల కోసం ‘తొలిమెట్టు’ అనే కార్యక్రమం మొదలుపెట్టింది. చదవడం, రాయడం, చిన్న లెక్కలు ప్రతి బిడ్డకూ రావాలన్నదే దాని ఉద్దేశ్యం. ఆ పేరులోనే జబ్బూ ఉంది, మందూ ఉంది.

యంత్రం చేయగలిగే మేలు

యంత్రం పేరు వినగానే ముఖం తిప్పుకోవడం వివేకం అనిపించుకోదు. అది చేసే మేలును కూడా న్యాయంగా తూచాలి. కొన్ని కంప్యూటర్ కార్యక్రమాలు బిడ్డకు ముందుగా చిన్న ప్రశ్నలు వేసి, వాడు ఎక్కడ ఆగిపోయాడో కనిపెడతాయి. తరగతి ఏడైనా సరే, మూడో తరగతి లెక్క రాకపోతే అక్కడి నుంచే మొదలుపెడతాయి. తప్పు చేస్తే ఆ తప్పుకు తగిన అభ్యాసం ఇస్తాయి. పదిసార్లు అడిగినా విసుక్కోవు.

ఢిల్లీలో బడి సమయం తర్వాత నడిచే కొన్ని కేంద్రాల్లో ఇటువంటి కార్యక్రమాన్ని పరిశోధకులు పరీక్షించి, ఫలితాలను 2019లో ప్రచురించారు. అక్కడి ఆరో తరగతి పిల్లలు గణితంలో సగటున రెండున్నర తరగతుల వెనక ఉన్నారని తేలింది. మామూలు తరగతులకే పరిమితమైన పిల్లల్లో అట్టడుగున ఉన్న మూడో వంతు మంది ఆ కాలంలో దాదాపు ఏమీ ముందుకు సాగలేదు. కేంద్రానికి వచ్చిన పిల్లలు మాత్రం కొద్ది నెలల్లోనే మంచి ప్రగతి సాధించారు. అయితే ఒక సంగతి మరువరాదు. ఆ కేంద్రాల్లో సగం సమయం కంప్యూటర్ ముందు గడిస్తే, మిగతా సగం చిన్న బృందానికి ఒక ఉపాధ్యాయుడు దగ్గరుండి నేర్పేవారు. తెలంగాణలో కూడా 2025 ఆరంభంలో కొన్ని జిల్లాల ప్రాథమిక పాఠశాలల్లో, చదువులో వెనకబడిన పిల్లల కోసం కృత్రిమ మేధ సాయంతో తెలుగు, ఇంగ్లీషు, గణితం నేర్పే ప్రయత్నం మొదలైంది.

అసలు యంత్రమే లేకుండా ఈ పని చేసి చూపినవారు మన తెలుగునేలపైనే ఉన్నారు. మదనపల్లె సమీపంలోని రిషి వ్యాలీ చుట్టుపక్కల పల్లెల్లో, ఒకే గదిలో పలు తరగతుల పిల్లలు చదివే బడుల కోసం పద్మనాభరావు, రమ దంపతులు అభ్యాస కార్డులతో ఒక ‘నిచ్చెన’ తయారుచేశారు. ప్రతి బిడ్డా తానున్న మెట్టు దగ్గర కార్డు తీసుకుని పని మొదలుపెడతాడు. కొందరు ఉపాధ్యాయుని దగ్గర, కొందరు తోటిపిల్లల సాయంతో, ఇంకొందరు సొంతంగా నేర్చుకుంటారు. జబ్బుపడి పది రోజులు బడి మానిన బిడ్డ తిరిగి వచ్చి, తాను ఆగిన మెట్టు నుంచే ఎక్కుతాడు. కర్ణాటకలోని ‘నలి కలి’ వంటి కార్యక్రమాలకు ఇదే స్ఫూర్తినిచ్చింది. దీన్నిబట్టి మనకు అర్థమయ్యేదేమిటి? ట్యాబ్ ఉండటం గొప్ప కాదు. బిడ్డ ఎక్కడ ఉన్నాడో కనుక్కోవాలన్న సంకల్పం ఉండటమే గొప్ప.

పుట వేరు కావచ్చు, గ్రంథం ఒకటే కావాలి

ఇక ప్రమాదాల సంగతి చూద్దాం. మొదటిది, వేరు పాఠం పేరుతో వేరు గమ్యం నిర్ణయించడం. కొన్ని ప్రైవేటు పాఠశాలల్లో చిన్న తరగతుల నుంచే ‘ఐఐటీ బ్యాచ్’, ‘మామూలు బ్యాచ్’ అని పిల్లలను విడదీయడం మనం చూస్తున్నాం. మామూలు బ్యాచ్‌లో పడిన బిడ్డ తిరిగి పైకి వచ్చే దారిని ఎవరూ వేయరు. మక్తబ్‌లో అలా కాదు. ఖాయిదా చదివే బిడ్డా, మూడో పారా చదివే బిడ్డా చేరవలసినది ఒకే దివ్యగ్రంథాన్ని. ఒకరు ముందు, ఒకరు వెనక, అంతే. మనం గీటురాయిగా పెట్టుకోవలసింది ఇదే. పాఠం వేరు చేసి బిడ్డను అందరూ చేరే చోటికే తీసుకువెళితే అది న్యాయం. పాఠం వేరు చేసి బిడ్డను అక్కడే కట్టిపడేస్తే అది జులుమ్.

రెండవది, తప్పుల చిట్టా. హాఫిజ్ సాబ్‌కు నిన్న మీ బిడ్డ ఎక్కడ తడబడ్డాడో గుర్తుంటుంది. వాడు సరిదిద్దుకున్న తర్వాత ఆయన దాన్ని మరిచిపోతారు. యంత్రం మరువదు. ఏ రోజు, ఏ ప్రశ్న, ఎన్ని క్షణాలు, ఎన్ని తప్పులు అన్నీ రాసి పెట్టుకుంటుంది. సాటి మనిషి లోపాన్ని కప్పిపుచ్చినవాని లోపాలను అల్లాహ్ కప్పిపుచ్చుతాడని మనం విశ్వసిస్తాం. మరి పసిబిడ్డ తప్పుల చిట్టాను ఎవరెవరికో అందుబాటులో ఉంచడం ఏ ధర్మం? 2023లో మన దేశంలో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కూడా, 18 ఏళ్ళలోపు పిల్లల సమాచారాన్ని వాడుకోవడానికి తల్లిదండ్రుల సమ్మతి కావాలంటోంది. బిడ్డకు ఏదైనా యాప్ పెట్టేటప్పుడు, వాడి వివరాలు ఎక్కడికి వెళతాయని అడగడం మన హక్కు. బిడ్డ తరఫున చూస్తే అది మన బాధ్యత కూడా.

మూడవది, అన్నింటికన్నా పెద్దది. యంత్రం తప్పును కనిపెడుతుంది, తప్పు వెనక ఉన్న బిడ్డను కాదు. నేడు పారాయణం విని, విడిచిన పదాన్ని వెంటనే చూపించే యాప్‌లు వచ్చాయి. హిఫ్జ్ చేసేవారు సబఖ్‌ను, ఆమూఖ్తాను ఇంటి దగ్గర వల్లె వేసుకోవడానికి అవి నిజంగా పనికివస్తాయి. కాని ప్రతిరోజూ చక్కగా వినిపించే బిడ్డ ఈరోజు మూడుచోట్ల తడబడితే, యాప్ మూడు తప్పులు చూపిస్తుంది. ఉస్తాద్ మాత్రం బిడ్డ కళ్ళలోకి చూసి, “ఏం బేటా, అన్నం తిన్నావా? ఇంట్లో అందరూ బాగున్నారా?” అని అడుగుతారు. ఆ ప్రశ్నకే బిడ్డ ఏడ్చేస్తాడు. ఆ రోజు వాడికి కావలసిన పాఠం అదే.

ప్రతి వ్యక్తీ ఒక కాపరి అనీ, తన సంరక్షణలో ఉన్నవారి గురించి ప్రశ్నించబడతాడనీ దైవప్రవక్త (స) బోధించారు. యంత్రాన్ని ఎవరూ ప్రశ్నించరు. దానికి తీర్పుదినం లేదు. దానికి అప్పగించినా బాధ్యత మన మెడ మీదే ఉంటుంది.

ఇంట్లో ఒకే ఫోను

మన ప్రాంతంలోని ఎన్నో ఇళ్ళలో తండ్రి గల్ఫ్‌లో ఉంటాడు, తల్లి బీడీలు చుడుతూ పిల్లలను సాకుతుంది. ఇంట్లో స్మార్ట్‌ఫోన్ ఒక్కటే. కరోనా కాలంలో ఆ ఫోను ఎవరి చేతికి వెళ్ళింది? చాలా ఇళ్ళలో కొడుకు చేతికే. కూతురు వంటింట్లో సాయం చేసి, తమ్ముడు వదిలినప్పుడు చూసుకుంది. ఇక్కడ ముందు చెప్పిన సూత్రాన్ని మళ్ళీ గుర్తుచేసుకోవాలి. చదువు అవసరమే అయితే, ఎవరికి ఎక్కువ అవసరమో వారికి ముందు దక్కాలి. కొడుకన్న కారణంగా ఇస్తే అది అవసరం కాదు, కానుక. కానుకలో వివక్షకు సాక్షిగా నిలబడటానికి ప్రవక్త (స) ఒప్పుకోలేదు. రేపు మన వివక్షకు ఎవరిని సాక్షిగా నిలబెడదాం?

ఇంకొక మాట. బిడ్డ చేతిలో ఫోను పెట్టి, “చదువుకుంటున్నాడు” అని నిశ్చింతగా ఉండటం కూడా పొరపాటే. పాఠం ఉన్న ఆ తెరలోనే ఆటలూ, పనికిమాలిన వీడియోలూ ఉన్నాయి. ఫోను ఇచ్చినంత మాత్రాన తల్లిదండ్రుల పని తీరదు. అప్పుడే మొదలవుతుంది.

మనం చేయగలిగేవి

పెద్ద పథకాల కోసం ఎదురుచూడకుండా మనమే చేయగలిగిన పనులు కొన్ని ఉన్నాయి.

1. బడికి వెళ్ళినప్పుడు ఎన్ని మార్కులు వచ్చాయని మాత్రమే అడగకండి. మా బిడ్డ ఎక్కడ ఆగిపోయాడు, అక్కడి నుంచి కదలడానికి ఏం చేయాలి అని అడగండి.

2. తల్లికి చదువు రాకపోయినా ఫరవాలేదు. రోజూ పది నిమిషాలు బిడ్డ చేత గట్టిగా చదివించి వినండి. ఎక్కడ గొంతు తగ్గుతుందో అక్కడే లోపం ఉందని మీ చెవికే తెలుస్తుంది.

3. మస్జిదు కమిటీలు మక్తబ్ సమయానికి తోడుగా వారానికి రెండు రోజులైనా, పై తరగతుల విద్యార్థుల చేత చిన్నవారికి తెలుగు, లెక్కలు చెప్పించాలి. బద్ర్ యుద్ధ ఖైదీల్లో చదువు వచ్చినవారికి, పదిమంది పిల్లలకు చదువు నేర్పడమే విడుదల మూల్యంగా నిర్ణయించిన సంప్రదాయం మనది.

4. యాప్ గానీ, కంప్యూటర్ గానీ వాడితే దాని పక్కన ఒక పెద్దమనిషి కూర్చోవాలి. యంత్రం చూపిన తప్పును బిడ్డకు ప్రేమతో వివరించేది ఆ మనిషే.

5. ఏ బిడ్డనూ మొద్దు అని పిలవకండి. పదిమందిలో వాడి లోపం ఎత్తకండి.

తండ్రి దూరదేశంలో ఉండి ఫోనులో అడిగే ఒక్క ప్రశ్నకు కూడా ఎంతో బలం ఉంటుంది. ఎన్నో ర్యాంకు అని కాకుండా, ఈరోజు ఏం నేర్చుకున్నావు, ఏది అర్థం కాలేదు అని అడిగి చూడండి. అర్థం కానిది తండ్రితో చెప్పుకోగలిగిన బిడ్డ రేపు ఉపాధ్యాయునితో కూడా చెప్పుకోగలడు.

మన పిల్లలు అల్లాహ్ మనకు అప్పగించిన అమానతు. ఆయన ఒక్కొక్కరినీ ఒక్కో విధంగా సృష్టించాడు, ఎవరి మీదా వారి శక్తికి మించిన భారం వేయలేదు. ఆయన వేయని భారాన్ని మనం వేయకుందాం. వెనక పుటలో ఉన్న బిడ్డను వదిలి ముందు పుటకు పరుగెత్తే పాపానికి దూరంగా ఉందాం. మన చేతికి వచ్చిన సాధనాలను మేలుకు వాడుకునే వివేకాన్ని, మన బిడ్డల్లో ఒక్కరినీ మరువని మనసును అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.